కొండ చూడని కర్ర

మొండితనంలో మా పక్కింటి ధర్మలింగం మామకు గుడియాత్తంలో సాటి లేరు. లుంగీలు నేసే మనిషి. ఏటా చిత్రా పౌర్ణమికి పర్వతమలై అనే శివుడి కొండ ఎక్కేవాడు. కొండ కింద కొన్న వెదురు కర్రను ఇంటికి తెచ్చి, పసుపు రాసి దేవుడి మూలలో ఆనించేవాడు. కొండ చూసొచ్చిన కర్ర ఇక దేవుడిది, ఇంటి పనికి వాడరు. ఆ మూలలో అలాంటివి ఒక కట్ట ఉండేవి.

పక్షవాతంతో ఎడమవైపు పడిపోయాక కూడా వాటిలో ఒక్కటీ ముట్టుకోలేదు. గోడ పట్టుకునో, భార్య అంజలక్క భుజం పట్టుకునో కాలీడ్చేవాడు. చేతికర్ర కొంటానంటే, "నేనేమన్నా ముసిలోణ్ణా?" అని కసిరేవాడు. మళ్ళీ పౌర్ణమికి కొండెక్కుతానని మాత్రం రోజూ అనేవాడు. అక్కకు కొండ అక్కర్లేదు. ఆయన పడకుండా వీధి చివరిదాకా నడిస్తే చాలు.

కొండలెక్కేవాళ్ళ కర్రయితే కాదనడని, నన్ను తోడు తీసుకుని వేలూరు బస్సెక్కింది. అక్కడి సత్తువాచారిలో ఆటలకీ, కొండలెక్కడానికీ సామాన్లమ్మే అంగడి. కార్బన్ కర్ర ధర విని దాన్ని మెల్లగా ఉన్నచోటే పెట్టేశాం. చవకవాటిలో ఒకటి, పొడవు సరిచేసుకుని మెలితిప్పి బిగించేది. అక్క దానిమీద బరువంతా వేసి వాలింది. అది సర్రున లోపలికి దిగింది. నేను నవ్వాను, అక్క నవ్వలేదు. క్లిప్పుతో బిగించే అల్యూమినియం కర్ర కదల్లేదు. దాన్నే ఖాయం చేసింది.

"జతగా తీసుకోండమ్మా, తగ్గించిస్తా" అన్నాడు అంగడాయన.

"ఒకటి చాలు నాయనా. ఆయనకు పట్టుకునే చెయ్యి ఒకటే ఉండాది."

కర్ర చూసి మామ మురిసిపోయాడు. తన ఎత్తుకు సరిచేయించుకున్నాడు.

"అట్లా వీధి చివరిదాకా పోయిరాప్పా" అంది అక్క.

"మలైకి తెచ్చినదాన్ని వీధిలో ఈడ్చేదా? మొదుట అది కొండ చూడనీ" అని, తీసుకెళ్ళి వెదురు కర్రల పక్కన పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండింది. కొండ చూసేదాకా బయటికి రాదు, చూశాక దేవుడిదైపోతుంది. కొండపేరు చెప్పి కర్ర కొన్నప్పుడు ఈ సంగతి మా ఇద్దరికీ తట్టనేలేదు.

ఆషాఢంలో, మా ఆడి నెలలో, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్తూ పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. మళ్ళీ లేవలేదు.

వెదురు కర్రలన్నీ ఆయనతోపాటే చితిమీదికి వెళ్ళాయి. అల్యూమినియం కాలదని దీన్ని వదిలేశారు. అక్క దాన్ని చూసినప్పుడల్లా ఏడ్చేది. నాకూ దుఃఖం ఆగేది కాదు.

ఇప్పుడు అక్క మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. మొన్న ఆ కర్ర పట్టుకుని వీధిలోకి వచ్చింది.

"దేవుడి మూలలోది కదక్కా?" అన్నాను.

"అది యాడ కొండ చూసింది? ఉత్త కర్రే."

కర్ర ఇంకా మామ ఎత్తుకే ఉంది. క్లిప్పు తీసి తగ్గిస్తానన్నాను. వద్దంది. చెయ్యి భుజందాకా ఎత్తి దాన్ని పట్టుకుని, వీధి చివరిదాకా ఒక్కతే నడిచింది.