వేడి ఇసుకలో నాలుగు కాయిళ్ళు

ఆ వేసవిలో నాకు కావలసింది ఒక్కటే. దువ్వాడ అవతల మేం కొత్తగా కట్టుకున్న ఇంటి నుంచి పట్నంలో పెద్దాసుపత్రి దాకా, మధ్యలో ఎక్కడా ఆగకుండా వెళ్ళే బండి.

నా భార్యకి అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. ముప్పై అయిదు దాటాక మళ్ళీ కడుపు నిలిచింది. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "నొప్పి గాని రక్తం గాని, ఏది కనిపించినా గంటలో ఇక్కడుండాలి. పోయినసారి బస్సు కోసం నిలబడ్డారు. ఈసారి నిలబడకండి," అంది. ముందే చేర్చుకోమంటే మంచాలు లేవు, నెలలు నిండాక తీసుకురమ్మన్నారు. స్టీల్ ప్లాంటు పనులు సాగుతున్న రోజులవి. మావైపు లారీలూ, ఎప్పుడొస్తుందో తెలియని ఒక బస్సూ తప్ప ఏమీ తిరిగేవి కావు. ఆటోవాళ్ళు గాజువాక దాటి రామనేవారు.

ఉన్నది నా మోటార్ సైకిలు. యుద్ధకాలం నాటి ఇంగ్లండు బండి, పక్కన మనిషి కూర్చునే తొట్టి. ఆ తొట్టి ఉందనే కొన్నాను. చల్లగా ఉన్నప్పుడు ఒక్క తన్నుకి అందుకునేది. సరిగ్గా గాజువాక దాటేసరికి దగ్గి, ఆగిపోయేది. చెట్టు కింద అరగంట చల్లారితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు నడిచేది. పాయింట్లు మార్చాను, కండెన్సరు మార్చాను, పెట్రోలు గొట్టం విప్పి ఊదాను. చివరికి మిగిలింది కాయిల్. బ్యాటరీలోని ఆరు వోల్టులను వేల వోల్టులు చేసి ప్లగ్గుకి పంపే రాగి చుట్ట అది. ఆ బండికి కొత్తది ఎక్కడా దొరకదు. పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి మూడు తెచ్చాను. దుకాణంవాడు ఎవరిదో కారు కాయిల్ కూడా సంచిలో పడేశాడు.

నేను పోర్టు స్టోర్సులో గుమాస్తాని. కరెంటు గురించి నాకు ఎవరూ చెప్పలేదు. పాత పుస్తకాలు చదివి, లెక్కలు వేసుకుని నేర్చుకున్నాను. అందుకే లెక్కని మనిషి మాట కంటే ఎక్కువ నమ్మేవాణ్ణి. మీటరు అరువు తెచ్చి నాలుగింటినీ కొలిచాను. మూడింటి లోపలి చుట్ట కరెంటుకి చేసే అడ్డు రెండు ఓముల లోపే, పుస్తకంలో చెప్పినట్టే. కారుది నాలుగు. అది పన్నెండు వోల్టులది. మన ఆరు వోల్టులకి దానిలో వెళ్ళేది సగం కరెంటు, అంటే పుట్టే రవ్వలో శక్తి పావు వంతు. దాన్ని పక్కన పెట్టేశాను. మిగతా మూడింటిలో అంకెలు బాగున్నదాన్ని బిగించి, తొట్టిలో నా భార్య బరువుకి సరిపడా ఇసుక బస్తా పడుకోబెట్టి, ఆమె తమ్ముణ్ణి వెనక ఎక్కించుకుని బయల్దేరాను. అతను హార్బరులో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు.

గాజువాక దాటాం. దగ్గింది. ఆగింది.

ఎండలో ఇద్దరం తోస్తున్నాం. "మా పడవలకి ఈ నిప్పురవ్వల గోల లేదు బావా. డీజిలు పోత్తే సముద్రం మద్దిలో కూడా డబడబలాడతాది," అన్నాడు.

"మీటర్లో సరిగ్గానే ఉందిరా."

"ఉంటాది. నీ మీటర్ని కూడా రమ్మను, ఓ సెయ్యేత్తాది."

మిగతా రెండు కాయిళ్ళతోనూ బండి అలాగే ఆగిపోయింది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. రోజులు దగ్గరపడుతున్నాయి. నా దగ్గర ఇంకో అంకె లేదు. కళ్ళు మూస్తే తొట్టిలో బస్తా స్థానంలో ఆమె కనిపించేది, ఆగిపోయిన బండి పక్కన, లారీల దుమ్ములో.

లోపల మా అత్తగారు మూకుడులో ఇసుక కాచి సెనక్కాయలు వేయిస్తోంది. నా భార్య మంచం మీద ఒత్తిగిలి అది చూస్తూ, "ఏటండీ, బండి ఆగిపోయేది వేడి మీద కదా?" అంది.

"అవును."

"మరి మీరు సల్లగా ఉన్నప్పుడు కొలుత్తన్నారేటి? జొరం వచ్చినప్పుడు కదా మనిషిని సూడాలి."

నేను లేచి వెళ్ళి అత్తగారి మూకుడు అడిగాను. బండి పక్కనే పొయ్యి పెట్టి, ఒక్కొక్క కాయిల్నీ చెయ్యి ఆనలేనంత వేడెక్కేదాకా ఇసుకలో పాతి, తీగలు పొడుగు చేసి బండికి కలిపాను. ప్లగ్గుని ఇంజను మీద ఆనించి తన్నడం, రవ్వ చూడడం. అత్తగారు గుమ్మంలో నిలబడి, "మీ ఆయన ఇనప ముక్కలు వేపుతన్నాడే అమ్మా. ఉప్పూ కారం ఇమ్మంటావేటి బాబూ?" అంది. బావమరిది తీగ పట్టుకుని షాకు తిని ఎగిరిపడ్డాడు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. నాకు నవ్వు రాలేదు.

మొదటిది చల్లగా ఉన్నప్పుడు నీలం రవ్వ, టక్కుమని. వేడెక్కాక రెండు తన్నులకి ఒకసారి, తరవాత ఏమీ లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. లోపలి పూత కాలిపోయి, వేడికి తీగలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. చల్లగా కొలిచే మీటరుకి అది కనపడదు. ఇక వేరే ఏమీ లేక కారు కాయిల్ పాతాను. ఎర్రటి, పీలగా ఉన్న రవ్వ వచ్చింది. ఎంతసేపు కాచినా ఆ పీల రవ్వ అలాగే వస్తూనే ఉంది. అప్పుడు లెక్క ఇంకోవైపు నుంచి చూశాను. సగం కరెంటంటే దానంతట అది పుట్టించుకునే వేడీ సగమే.

బలంగా మొదలై దారిలో చచ్చేది కావాలా, అసలు మొదలవుతుందో లేదో తెలియనిది కావాలా? అంత పీల రవ్వ దూకగలిగేలా ప్లగ్గు సందు దగ్గరగా వంచాను. కారు కాయిల్ బిగించాను. మర్నాడు ఇసుక బస్తాతో పరీక్షిద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే, నేను బస్తా ఎత్తుతుంటే, లోపల అత్తగారు నా పేరు పెట్టి పిలిచింది. ఆవిడ ఎప్పుడూ అలా పిలవదు.

మంచం మీది దుప్పటి తడిసి ఎర్రగా ఉంది. ఆ దుప్పటితోనే ఆమెను మోసుకొచ్చి తొట్టిలో ఒరగబెట్టాం. తన్నాను. అందుకోలేదు. మళ్ళీ తన్నాను. పది తన్నులకీ అందుకోలేదు. ఆమె నావైపు చూడకుండా తొట్టి అంచు పట్టుకుని ఉంది. పాత కాయిల్ బిగిద్దామా అనిపించింది. అది ఒక్క తన్నుకి అందుకుంటుంది. గాజువాకలో ఆగుతుంది.

"గేరులో ఎయ్ బావా, తోత్తాం," అన్నాడు బావమరిది. వాలుగా ఉన్న మట్టి రోడ్డు మీద అతనూ, చీర కుచ్చెళ్ళు దోపుకుని మా అత్తగారూ తోశారు. ఇంజను రెండుసార్లు తుమ్మి, పట్టుకుంది. అతను పరిగెత్తి వెనక ఎక్కాడు.

ఎక్సిలేటరు పూర్తిగా వదలడానికి భయం. లారీ అడ్డొచ్చినా క్లచ్చు నొక్కి ఇంజను రేపుతూనే ఉన్నాను. గాజువాక వచ్చింది. నా చెవి ఆ దగ్గు కోసం కాచుకుని ఉంది. ఆమె ఏదో అంటోంది, వినపడలేదు. "ఏటీ లేదు, ఎల్లు బావా, ఎల్లు," అని వెనక నుంచి అతను నా భుజం నొక్కాడు. గాజువాక దాటింది. బండికి జోరు లేదు, సైకిళ్ళు కూడా మాతో సమానంగా వస్తున్నాయి. కానీ ఆగలేదు.

ఆసుపత్రి వరండాలో ఆమెను స్ట్రెచరు మీద లోపలికి తీసుకెళ్ళారు. బావమరిది వెంట పరిగెత్తాడు. నేను బండి మీదే ఉన్నాను. నా చెయ్యి ఎక్సిలేటరు వదలడం లేదు.

వాచ్‌మన్ వచ్చాడు. "బండాపవయ్యా. లోపల పేసెంట్లున్నారు."

"ఆపితే మళ్ళీ అందుకోదు."

అతను తొట్టిలోకి చూశాడు, తడిసిన దుప్పటి చూశాడు. "ఇంకెక్కడికెల్తావు బాబూ? వచ్చేసినావు కదా," అని తనే వంగి తాళం తిప్పాడు.

ఇంజను ఆగాక లోపలి నుంచి ఏమీ వినపడలేదు. వరండా గోడకి ఆనుకుని నిలబడ్డాను. లెక్క వేయడానికి అక్కడ నాకు ఏమీ లేదు. మధ్యాహ్నం దాటాక నర్సు తలుపు తీసి, ఆడపిల్ల, బరువు తక్కువ, తల్లికి ఇంకా రక్తం ఎక్కించాలి, ఎవరు ఇస్తారు అని అడిగింది. నేనూ బావమరిదీ ఒక్కసారే చొక్కా చేతులు పైకి మడిచాం.