మంచం పక్కన నీటితోట

మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయ్యాక పెరట్లోకి వెళ్ళడం కుదరలేదు. ముందుగదిలో మంచం మీంచే, "కనకాంబరాలకి నీళ్ళు పోశారా? కరివేపాకుకి పురుగు పట్టలేదు కదా?" అని అడిగేది. పోశానన్నా నమ్మేది కాదు. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. అడిగినప్పటికంటే మానేసినప్పుడే నాకు భయం వేసింది. తోట దగ్గరికి ఆమె వెళ్ళలేకపోతే తోటే ఆమె దగ్గరికి రావాలనుకుని, మంచం తలవైపు, చేయి చాస్తే అందేంత దగ్గరగా ఒక గాజుతొట్టి పెట్టాను.

బండివాడి చేత నాగావళి ఇసుక తెప్పించి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాను. కుళాయి నీళ్ళలో మందు వాసన పోవడానికి బకెట్లలో నిలవ ఉంచి పోశాను. విజయనగరంలో రంగుచేపల దుకాణం నుంచి రిబ్బన్లలాంటి ఆకులున్న మొక్కల్ని తడికాగితంలో చుట్టి తెచ్చి, వేళ్ళు మాత్రమే ఇసుకలోకి పోయేలా నాటాను. అవి నిలదొక్కుకున్నాకే చేపలు వేయాలన్నది నా నియమం.

మా బావమరిది నౌపడలో ఉప్పుమడుల పని చేసేవాడు. అక్కని చూడడానికి వచ్చినప్పుడల్లా ఓ సంచిలో కల్లుప్పు తెచ్చేవాడు. తొట్టి చూసి నవ్వాడు.

"ఏటి బావా, పులుసు కాసేసి సేపలెయ్యడం మరిసిపోనావా?"

మా ఆవిడ కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

ఆకులు ముందు గాజులా పలచబడి, తర్వాత గోధుమరంగుకి తిరిగి కరిగిపోయాయి. దుకాణం అతనికి ఫోన్ చేశాను. "కొత్తనీళ్ళు కదా సార్, మొదట ఆకు కరుగుతాది. వేరు బతికుంటే మళ్ళీ సిగురొస్తాది" అన్నాడు. కుళ్ళిన సరుకు అంటగట్టి చెప్పే కబురనుకున్నాను. చిగురు నిజంగానే వచ్చింది. వీధిలో వాళ్ళని పిలిచి మరీ చూపించాను. వారం తిరక్కుండానే అదీ కరిగిపోయింది. మళ్ళీ చిగురు, మళ్ళీ చూపించడం, మళ్ళీ కరగడం.

డైరీలో ఆ నెలంతా అనుమానాలే రాసుకున్నాను. ఇసుక బండివాడు ఏటి ఇసుకలో సముద్రపు ఇసుక కలిపాడా? పనిమనిషి సబ్బుగుడ్డతో అద్దం తుడిచిందా? మా ఆవిడ మీద ఇంకో రకం అనుమానం. ఆమెకి రక్తపోటు. మజ్జిగలోకని మంచం పక్క స్టూలు మీద ఉంచిన ఉప్పు డబ్బా తొందరగా ఖాళీ అవుతోంది. డాక్టరు వద్దన్నా చాటుగా ఎక్కువ వేసుకుంటోందనుకుని, గ్లాసు కడిగేముందు అడుగున మిగిలిన మజ్జిగ రుచి చూసేవాణ్ణి. చప్పగానే ఉండేది.

ఒకరోజు తొట్టి అంచున తెల్లటి పొడి అట్టకట్టి కనిపించింది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. తొట్టినీళ్ళూ రుచి చూశాను. అవీ ఉప్పనే.

ఇంకెవరు? ఉప్పు తెచ్చేవాడొకడే, పులుసని వెక్కిరించినవాడూ వాడే.

ఆ వారం వాడొచ్చినప్పుడు తొట్టికీ వాడికీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు అటు తిరిగితే అటు తిరిగాను.

"నన్ను దొంగని సూసినట్టు సూస్తన్నావేటి బావా?"

"తొట్టిలో ఉప్పు పడుతోంది."

"పడితే? నాను ఏసినానంటావా?"

నేను కుర్చీ తొట్టికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాను. వాడు చెప్పులేసుకుని, "నా ఉప్పు తిన్నోళ్ళందరూ బాగానే ఉన్నారు బావా" అనేసి వెళ్ళిపోయాడు. పొయ్యి మీద కూర అలాగే ఉంది. మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. "గడ్డిపరక కోసం నా తమ్ముణ్ణి పస్తు పంపించేరు" అంది.

నీళ్ళన్నీ తీసేసి, ఇసుక మళ్ళీ కడిగి, మిగిలిన వేళ్ళని నాటాను. ఈసారి ఆకులు జానెడు లేచాయి. మా ఆవిడ దిండు ఎత్తుగా పెట్టించుకుని, "అదిగో, ఆ మూల ఇంకో పిలక లేచింది" అని చాలా రోజుల తర్వాత నాకు తనే చెప్పింది. వాడు రాకపోవడం వల్లే ఇదంతా అని నా లెక్క సరిపోయింది.

పక్కింటావిడ పలకరించడానికి వచ్చింది. "అమ్మో, ఎంత పచ్చగున్నాదో! కళ్ళు తిప్పుకోలేకపోతన్నాను" అని బుగ్గలు నొక్కుకుంది. ఆమెని గేటుదాకా సాగనంపి వెనక్కి వచ్చేసరికి, మా ఆవిడ చేతిలో గుప్పెడు ఉప్పు. తొట్టి చుట్టూ తిప్పుతోంది. పెదాలు కదుపుతోంది. చూస్తుండగానే గుప్పిట విప్పి నీళ్ళలోకి వదిలేసింది.

"ఏం చేస్తున్నావు?"

"దిష్టి తీస్తన్నాను. పచ్చగున్నాదని ఎవరన్నా అంటే ఆ వారమే మాడిపోతన్నాయి కదా, సూస్తన్నారు కదా మీరు!"

"ఉప్పు అందులో వేస్తావా?"

"దిష్టుప్పు నీళ్ళల్లోనే కదా కరగాలి. లేచెళ్ళి గ్లాసుతో తెచ్చుకోలేను. నీళ్ళు ఇక్కడే ఉన్నాయి మరి."

ఉప్పునీళ్ళలో ఈ మొక్కలు బతకవని చెప్పాను. ఆమె తొట్టివైపు చూసి, "అయితే నానే సంపుకున్నానా?" అంది. నీళ్ళు మార్చడానికి బకెట్టు తెచ్చుకున్నాను.

అప్పటినుంచి స్టూలు మీద ఉప్పు డబ్బా పక్కన ఒక గ్లాసు నీళ్ళు ఉంచుతున్నాను. బావమరిదికి నేనే ఫోన్ చేసి భోజనానికి పిలిచాను. "సేపలేసినావా?" అని మాత్రమే అడిగాడు. వచ్చి, తొట్టి ముందు వంగి, "బాగున్నాది బావా, సేనుమడిలాగున్నాది" అన్నాడు.

నా వెనక డబ్బా మూత తీసిన చప్పుడయింది. వెంటనే తిరిగాను. ఆవిడ గుప్పిట తొట్టి చుట్టూ తిరుగుతోంది. ఉప్పు గ్లాసులో పడేదాకా నేను కన్ను ఆర్పలేదు.