రేగొండ గోదాం పెద్దులు, నేను పట్టిన దొంగ

పెద్దులు గురించి రాయాలంటే ముందు నా తెలివితక్కువతనం గురించి రాయాల్సి వస్తోంది. రెండూ విడదీసి చూశాను. నేను లేకుండా చెబితే ఆయన బతుకులో ఏ గొడవా లేదు. ఇరవై నాలుగేళ్లుగా పొద్దున్నే రేగొండలో గోదాం తెరవడం, సాయంత్రం మూసి ఇంటికి పోవడం, అంతే. గొడవ మోసుకొచ్చింది నేను.

మాది విత్తనాలు అమ్మే సంస్థ. పెద్దాఫీసు జనగామలో, బ్రాంచీలు మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో. రేగొండ గోదాం భూపాలపల్లి బ్రాంచీ కిందికి వస్తుంది. అందరం కలిపి అరవై ముగ్గురం. కంప్యూటర్ల సంగతి చూసేది నేనొక్కణ్ణే. పేరు కొండల్, వయసు యాభై ఒకటి. ఒకప్పుడు టైపు మిషన్ నేర్పినవాణ్ణి కాబట్టి అక్షరాలున్న మీటలన్నీ నా శాఖేనని మావాళ్ళ నమ్మకం. ఫ్యాన్ తిరగకపోయినా నన్నే పిలుస్తారు.

మా దగ్గర మెయిలుకు ఒక పాస్‌వర్డు, హాజరుకు ఒకటి, సరుకు రాకపోకలు ఎక్కించే స్టాక్ అప్లికేషన్‌కు ఇంకొకటి ఉండేవి. గుర్తుండక జనగామలో ఎవరి చీటీ వారు మానిటర్ మీద అంటించుకున్నారు. మహబూబాబాద్‌లో మంజుల ఇంకా నయం. బ్రాంచీలో అందరి పాస్‌వర్డులూ ఒకే కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి గోడకు తగిలించింది. "వానకు తడువది సార్," అని నాకు చూపించింది కూడా.

ఇది చూసి మా మేనేజర్ నరేందర్ అందరికీ ఒకటే తాళం పెట్టమన్నాడు. దాన్ని సింగిల్ సైన్ ఆన్ అంటారు. క్లౌడ్‌లో మా ఉద్యోగులందరి పేర్లతో ఒక డైరెక్టరీ ఉంటుంది. స్టాక్ అప్లికేషన్ ఇకమీదట ఎవరినీ తనంతట తాను గుర్తుపట్టదు. తలుపు దగ్గరికి వచ్చినవాణ్ణి డైరెక్టరీ దగ్గరికి పంపి, "ఈయన మీవాడేనా?" అని అడుగుతుంది. అక్కడినుంచి అవునని చీటీ వస్తేనే లోపలికి రానిస్తుంది.

ఈ రెండింటికీ పరిచయం కుదర్చడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. దీని అడ్రసు దానిలో పెట్టాలి, దాని సర్టిఫికెట్ దీనిలో పెట్టాలి. మొదటి అయిదు రోజులు అడ్రసులు తారుమారుగా పెట్టి, అప్లికేషన్ చేసినవాళ్ళకు కోపంగా ఉత్తరాలు రాశాను. వాళ్ళు ఎంతో మర్యాదగా, పై గడిలోది కింద, కింది గడిలోది పైన పెట్టి చూడమన్నారు. పెట్టాను. తెరుచుకుంది. నా ఖాతాతో లోపలికి పోయి, బయటికొచ్చి, ముచ్చట తీరక మళ్ళీ పోయాను. నాకు పనిచేసింది కాబట్టి మూడు జిల్లాలకూ పనిచేస్తుందని తీర్మానించి, పాత పాస్‌వర్డుల దారి మూసేశాను.

పాస్‌వర్డు ఒక్కటే చాలదని రెండో కాపలాగా ఫోన్లో ఒక ఆప్ కూడా పెట్టాను. కంప్యూటర్‌లో పాస్‌వర్డు కొట్టగానే తెర మీద రెండంకెలు కనిపిస్తాయి. అదే క్షణంలో ఆ మనిషి ఫోను మోగి, "లోపలికి పోతున్నది మీరేనా?" అని అడుగుతుంది. అవునైతే ఆ అంకెలు ఫోన్లో కొట్టాలి. కాకపోతే "ఇది నేను కాదు" అనే మీట నొక్కాలి. నొక్కారో, ఎవరో దొంగ దూరుతున్నాడని ఖాతా అక్కడికక్కడే ఆగిపోతుంది.

అందరినీ ఫోన్లు తెచ్చుకొమ్మని బ్రాంచీల్లో శిబిరాలు పెట్టి నేనే ఆప్ ఎక్కించాను. భూపాలపల్లి శిబిరానికి పెద్దులు ఫోనును చేతిరుమాలులో చుట్టుకుని వచ్చాడు. తెర మీద ఆడవాళ్ళు వరసగా నిలబడి నాట్లేస్తున్న ఫొటో ఉంది. వ్యవసాయం మీద ఈ మనిషికి ఎంత మక్కువ అనుకున్నాను. అది ఎవరి ఫోనని అడగాలని మాత్రం తట్టలేదు.

ఆయన మా సంస్థలో హమాలీగా చేరాడట. బస్తాల మీది అక్షరాలు చదివీ చదివీ చదువు నేర్చుకున్నాడు. అట్లా గోదాం ఇన్‌చార్జి దాకా వచ్చాడు. అరవై ముగ్గురిలో పాస్‌వర్డు ఎవరికీ చెప్పని మనిషి ఆయనొక్కడే. ఆ రోజు కూడా, "పాతది చెప్పండి, నేను మార్చి ఇస్తాను," అంటే, "సారు, జర అటు తిరుగున్రి, నేనే కొడత," అన్నాడు. తిరిగాను.

జూన్‌లో, మిరుగం కార్తె వారంలో మొదటి వాన పడింది. పత్తి గింజల కోసం రైతులు గోదాముల ముందు వరస కట్టే రోజులు. కొత్త కాపలా మొదలైన సోమవారం పొద్దున్నే నాకు హెచ్చరిక వచ్చింది: పెద్దులు ఖాతాలోకి వేరేవారు దూరబోతే ఆయనే ఫిర్యాదు చేశాడు, ఖాతా ఆపేశాం అని. నేను తెరిచాను. ఇరవై నిమిషాల్లో మళ్ళీ ఆగింది. మంగళవారమూ అంతే.

డైరెక్టరీలో ఆయన పేరు పక్కనున్న నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తింది. వెనక ఒకటే గోల.

"ఎవరు మీరు? పూర్తి పేరు చెప్పండి," అన్నాను గంభీరంగా.

"రేపు ఇరవై మంది అయితరు. ఎల్లుండైతె పన్నెండే. ఇగ ఉంట," అని పెట్టేసింది.

కాగితం మీద రాసుకున్నాను: ఒక ఆడమనిషి, వెనక ఇరవై మంది. గోదాంలోని ఫోనుకు చేస్తే పెద్దులే ఎత్తాడు.

"మీ పాస్‌వర్డు ఎవరికి చెప్పారు?"

"ఎవ్వలకు చెప్పలే సారు. కంప్యూటర్ల నంబర్ వడుతుంది. ఆ ఫోనేమో మా..."

"విచారణ జరుగుతోంది. ఫోన్లో ఏమీ మాట్లాడకండి," అని ఆపేశాను. ఆ వాక్యం అన్నందుకు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

వెంటనే రిపోర్టు రాశాను. "సదరు ఉద్యోగి తన పాస్‌వర్డును బయటివారికి ఇచ్చి ఉండవచ్చు. దీని వెనుక ఒక స్త్రీ, సుమారు ఇరవై మంది ఉన్నట్టు తెలుస్తోంది." అది చదివి నరేందర్ ఆర్డరు తీశాడు. విచారణ అయ్యేదాకా పెద్దులు జనగామ వచ్చి ఆఫీసులో కూర్చోవాలి, గోదాం సరుకు భూపాలపల్లికి తరలించాలి. రిటైర్ కావడానికి మూడేళ్లున్న మనిషిని, విత్తే వారంలో, ఊరందరి కళ్ళ ముందు గోదాంలోంచి లేపడమన్న మాట. ఆ లెటరు ఇచ్చిరావడానికి నన్నే పంపారు.

బుధవారం హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా రేగొండ చేరేసరికి పది దాటింది. గోదాం ముందు నలభై మంది దాకా ఉన్నారు. కంప్యూటర్ చీటీ లేకుండా సరుకు కదలదు. అందుకని పెద్దులు వచ్చినవారి పేర్లు వరసగా రాసుకుంటున్నాడు.

ఒక రైతు అంటున్నాడు: "గీ కంప్యూటర్ వెట్టినోడెవడో గని, ఒక్కపారి మా చెల్క కాడికి రావాలె. చెప్త వాని సంగతి."

"గీ సారే," అన్నాడు పెద్దులు నన్ను చూపించి. "కుర్చి ఎయ్."

ఆయన చాయ్ తెప్పించాడు. నా సంచిలో ఆయన లెటరు ఉంది. చాయ్ తాగాను. తర్వాత ఆయన ఖాతా మళ్ళీ తెరిచి, నేను చూస్తుండగా అందులోకి పొమ్మన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని పాస్‌వర్డు కొట్టాడు. తెర మీద నలభై ఏడు అని పడింది. పెద్దులు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడేం చేస్తారు?"

"ఆగుత."

"దేనికి?"

"గట్టమ్మ ఒత్తుతదేమో అని."

"గట్టమ్మ ఎవరు?"

"నా పెండ్లాం, సారు."

"మీ ఫోను ఆమె దగ్గరెందుకుంది?"

"ఫోనామెదే గద. కూలోళ్ళను కుదురుస్తది. రైతులు ఆమెకే కొడుతరు."

"మరి మీ ఫోనేది?"

"నాకెందుకు సారు? నేనెక్కడుంటనో ఊరందరికి ఎరికె. ఫారంల నంబర్ రాయుమన్నరు, ఇంట్ల ఉన్న నంబర్ రాసిన. ఫోన్ తెమ్మన్నరు, అడిగి తెచ్చిన. గా ఒక్కపూట పని చెడిందని రెండు దినాలు తిట్టింది."

తెర ఎర్రబడింది. ఖాతా ఆగిపోయింది. నాకు మాత్రం అప్పుడే కళ్ళు తెరుచుకోవడం మొదలైంది.

ఒక రైతు బండి మీద చేను దగ్గరికి పోయాను. ఇరవై మంది ఆడవాళ్ళు వరసగా వంగి పత్తి గింజలు పెడుతున్నారు. వాళ్ళలోంచి గట్టమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని వచ్చింది.

"నువ్వేనా సారు, మూడు దినాల సంది నా ఫోన్‌ను సతాయించేది?"

"ఆ ఫోనులో ఏమొస్తోందమ్మా?"

"పని నడిమిట్ల మోగుతది. కంప్యూటర్ల పోయేది నువ్వేనా అని అడుగుతది. నేనీడ గింజలు వెడుతుంటి. నేను కాదని ఒత్తిన. ఉన్న మాటే గద."

"పెద్దులు పోతున్నాడు కదా, ఆయన కోసం..."

"ఆయన్ను అడిగితె ఆయన చెప్తడు. నన్నడిగె. నేను కాకపోతె అవునని ఎట్ల ఒత్తాలె? రేపేమన్నయితె మీరే వచ్చి నన్ను పట్టుకపోరా?"

శిబిరంలో పెద్ద అక్షరాలతో చూపించిన పాఠం అదే: మీరు కాకపోతే కాదనే నొక్కండి. మూడు జిల్లాల్లో దాన్ని తుచ తప్పకుండా పాటించింది శిబిరానికి రాని ఈమె ఒక్కతే.

"నిన్నొకడు ఫోన్ చేసి పూర్తి పేరు చెప్పు అని గదమాయించిండు," అంది మళ్ళీ. "కూలోళ్ళ కోసమేమో అని ఇరవై మంది అయితరని చెప్పిన. వాడెవడో జర కనుక్కో సారు."

"కనుక్కుంటాను," అన్నాను.

చేను గట్టు మీదే నిలబడి నరేందర్‌కు ఫోన్ చేశాను.

"సార్, దొంగ దొరికాడు."

"ఎవడు?"

"నేనే సార్."

మొత్తం చెప్పాను. ఫారంలో ఫోన్ నంబరు అని ఉంటే మనవాళ్ళు ఇంట్లో ఎవరు ఎత్తితే వారి నంబరు రాస్తారనీ, ఆ మాట తెలిసి కూడా నేను ఎవరిదని అడగలేదనీ, పెద్దులు చెప్పబోతే నేనే నోరు మూయించాననీ.

"మరి ఆ ఇరవై మందేంది, కొండలన్నా?"

"పత్తి గింజలు పెడుతున్నారు సార్. ఇప్పుడే లెక్కపెట్టాను."

"లెటర్ ఇచ్చినవా?"

"లేదు సార్."

"ఇయ్యకు. నీ రిపోర్ట్ చైర్మన్ దాక పోయింది తెల్సా? తప్పు ఎవలిదో పేరు వెట్టి రాసి వాపస్ తీస్కో. ఇయ్యాల్నే."

గోదాంకు తిరిగొచ్చి, ఫోను అక్కర్లేకుండా ఒక తాత్కాలిక పాస్‌కోడు తీసి పెద్దులుకు ఇచ్చాను. తర్వాతి వారం ఆయన కోసం పెన్‌డ్రైవ్ లాంటి చిన్న ముక్క ఒకటి తెప్పించాం. కంప్యూటర్‌కు గుచ్చి వేలితో తాకితే చాలు. గట్టమ్మ ప్రమేయం లేదు. ఆ బుధవారం మాత్రం పాస్‌కోడుతోనే రెండు గంటలకల్లా నలభై మందికీ గింజలు అందాయి. నన్ను తన చేనుకు పిలిచిన రైతు కూడా పాకెట్లు తీసుకుని, పోతూ పోతూ నన్నొకసారి చూసి ఊరుకున్నాడు.

జనం తగ్గాక పెద్దులు మెల్లగా అడిగాడు.

"జనగామకు ఎప్పుడు రావాలె సారు? చద్దర్, రెండు జతల బట్టలు సదిరి వెట్టుకున్న."

"ఎవరు చెప్పారు మీకు?"

"భూపాలపల్లి నుంచి శ్వేత మేడం నిన్ననే ఫోన్ చేసింది."

అంటే లెటరు సంగతి తెలిసే నాకు కుర్చీ వేయించాడు, చాయ్ పోయించాడు. ఎక్కడికీ రానక్కర్లేదని చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను. ఆ రెండో మాట అంత త్వరగా నోట్లోంచి రాలేదు. ఆయన తల ఊపి, లోపలికి పోయి బస్తాలు సర్దుకున్నాడు.

తర్వాత అరవై ముగ్గురినీ ఒక్కొక్కరినే అడిగాను. పంతొమ్మిది మంది రాసింది వేరేవాళ్ళ నంబరు. అందులో ఒక ఫోను ముందురోజే అమ్మేశారట.

రిపోర్టు మాత్రం ఆ బుధవారం సాయంత్రమే, గోదాంలో కూర్చుని వాపసు తీసుకున్నాను. తప్పు ఎవరిదన్న చోట కొండల్ అని పూర్తి పేరుతో రాశాను. అలాంటి కాగితం మూయాలంటే నింద పడిన ఉద్యోగి తన ఖాతాలోంచి ఒక మాట రాయాలని మా నియమం. పెద్దులు నన్ను అటు తిరగమని, ఒక్క వేలితో పావుగంట కొట్టాడు. జనగామ వచ్చాక తెరిచి చదివాను.

"సారు మీద కోపం లేదు. పనిమంతుడే. కానీ అడిగేది ఇడిసిపెట్టి చెప్పుడు షురూ చేస్తడు."

అది చైర్మన్‌కు పోయింది. పోయేముందు కొంచెం మెత్తగా దిద్దుదామని చూశాను గానీ, వీలు కాలేదు. ఎవరి ఖాతాలోని మాట వారు తప్ప ఇంకెవరూ ముట్టుకోకుండా కట్టుదిట్టం చేసింది నేనే.