గుహ దగ్గర నాయన పలకలేదు

అమ్మ పోయాక నాయన ఇల్లు కదలడం మానేశాడు. చర్చికి వచ్చేవాడు గానీ పాట పాడేవాడు కాదు. కంచం ముందు కూర్చునేవాడు గానీ నేను కసిరితే తప్ప ముద్ద ఎత్తేవాడు కాదు. నాకేమో నోరు పెద్దది, ఓర్పు చిన్నది. "ఇట్లనే కూర్చో, నువ్వు గూడా పో. నీకేం, మునిగేది నా కొంప" అని ఒకరోజు అరిచి, మార్కాపురంలో బస్సెక్కించాను. యర్రగొండపాలెం అవతల, అడవి అంచు పల్లెలో ఒక మొగుడూ పెళ్ళాం, అడిగినవాళ్ళకు కొండలోని గుహ చూపించి సాయంత్రానికి వెనక్కి తెస్తారని విన్నాను. అంత దూరం నడిస్తే ఆకలైనా పుడుతుందని నా ఆశ.

వాళ్ళను మామా, అత్తా అని పిలిచాం. మామ కర్ర పట్టుకుని ముందు నడిచాడు. అత్త నాయన పక్కన చేరింది. ఆమె నోటికి తాళం లేదు. ఎలుగుబంటి పుట్ట తవ్విన చోటు, చిరుత నీళ్ళు తాగే మడుగు, ఏ చెట్టు కింద ఎవరు దడుచుకున్నారు, అన్నీ చెబుతూనే ఉంది. నాయన ఊ కొడుతూ నడిచాడు. ఆయన నోట అన్ని ఊలు విని ఎన్ని నెలలైందో! వెనక నడుస్తూ మురిసిపోయాను.

గుహలోకి పాక్కుంటూ దూరాలి. "నా నడుము వంగదు, మీరు పోయిరాండి" అని నాయన బయట బండ మీద కూర్చున్నాడు. లోపల గబ్బిలాల కంపు, కాళ్ళ కింద తడి. నాకు ఊపిరాడక, చూసింది చాలని బయటికి వచ్చేశాను. మామా, అత్తా నా వెనకే వచ్చారు. బండ మీద నాయన కండువా ఉంది, నీళ్ళ సీసా ఉంది. నాయన లేడు.

మామ ఎగువకు పరిగెత్తాడు. నేను నాయనా అని అరవబోతే అత్త నా నోరు మూసింది.

"అడవిలో పేరు గానీ వరస గానీ పెట్టి పిలవగూడదమ్మా. ఓవ్ అను, చాలు."

ఓ...వ్ అని అరిచాను. జవాబు లేదు. కాస్త కిందికి దిగి మళ్ళీ అరిచాను. లేదు. ఎండ కొండ అవతలికి వాలుతోంది. ఈయన కావాలనే ఎటో పోయాడేమో అన్న అనుమానం అప్పుడు పుట్టింది. పుట్టినది ఎంత తోసినా పోలేదు.

"నా మతి మండా!" అని అత్త నెత్తి కొట్టుకుంది. "పొద్దున నేనే చెప్తిని ఆయనకు. అడవిలో రెండు పిలుపుల దాకా పలకగూడదు, చచ్చినోళ్ళు గూడా రెండుసార్లు పిలుస్తారు, పలికితే వాళ్ళెంట పోయినట్లే అని. మూడోది మనిషిది. ఇంగోసారి పిలువు తల్లీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. చర్చిలో పెద్దరికం చేసిన మనిషి, ఇట్లాంటి మాటలకు పకపకా నవ్వే మనిషి, ఇప్పుడు దీన్ని పట్టుకుని కూర్చున్నాడా! వరసా లేదు, కట్టుబాటూ లేదు. "ఏంది నాయనా! చచ్చినావా, బతికినావా? నోరు పడిపోయిందా, పలకవేంది?" అని గొంతు చిరిగేలా తిట్టాను.

"ఈడనే ఉన్నా" అని కింద వాగులోంచి వినబడింది.

ఎండిన వాగు ఇసుకలో, నేరేడు చెట్టు నీడన కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. నేను ఆయన భుజం మీద ఒకటి వేసి, ఆ భుజం మీదే పడి ఏడ్చాను.

"అత్త మాట నమ్మినావా నువ్వు?"

"పొద్దున నవ్వుకున్నాలే" అన్నాడు నాయన. "మీ అమ్మ గట్టు మీద నిలబడి నన్ను అన్నానికి ఓవ్ అనే పిలిచేది. నీ గొంతు అచ్చం దానిదే. మొదటిసారి గుండె ఆగినట్లయింది. రెండోసారికి పలుకుదామని నోరు తెరిచినా. అంతలో నువ్వు తిట్టినావు. మీ అమ్మ నన్ను ఏనాడూ తిట్టలా."

"పలికితే పోతావని తెలిసే నోరు తెరిచినావా?"

నాయన పంచెకు అంటిన ఇసుక దులుపుకుని లేచాడు.

ఇప్పుడు కాస్త తింటున్నాడు. చర్చిలో పెదవులు కదుపుతున్నాడు. అయినా ఆయన కంటికి కనబడకపోతే నేను తిడుతూనే పిలుస్తాను. వీధిలో వాళ్ళు నన్ను గయ్యాళి అనుకుంటారు, అనుకోనీ. ఆయన్ను మెత్తగా పిలవాలంటే నాకు భయం.