పులివెందులలో పోయిన ఓడ

హుమాయున్ మామకున్న జబ్బు ఒక్కటే. క్షమాపణ అడగకుండా ఊరు దాటలేడు.

అడగడంలో తప్పేమీ లేదు. దూరప్రయాణానికి ముందు ఇంటింటికీ పోయి "అన్నదీ విన్నదీ మాఫ్ చేయండి" అని చెప్పి బయలుదేరడం వాళ్లలో పాత ఆచారం. అందరూ ఆ ఒక్క మాటా అనేసి, చేతులు కలిపి బస్సెక్కుతారు. మామ అలా కాదు. ఏమన్నాడో, ఎక్కడన్నాడో, ఎవరితో అన్నాడో వివరంగా చెప్పి మరీ అడుగుతాడు. అంతవరకూ ఆ సంగతే తెలియని మనిషికి అప్పుడు కోపం వస్తుంది. ఆ కోపం చల్లారేదాకా మామ ప్రయాణం ఆగుతుంది.

ఆయన జమ్మలమడుగులో పుట్టాడు గానీ మలయా దేశపు పినాంగు మనిషి. మీసాలు రాని వయసులో ఓడెక్కి పోయి, అక్కడ రొట్టెల అంగడి పెట్టి, మైమూనత్తను నిఖా చేసుకుని అక్కడికే తీసుకుపోయాడు. కూతురు సకీనా అక్కడే పుట్టింది, అక్కడి పిల్లవాణ్ణే చేసుకుంది. తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన ఏడాది, తల్లి మంచాన పడిందని తెలిసి, మామా అత్తా ఆఖరి చూపుకని వచ్చారు. ఆమె కొడుకును చూసింది. లేచి కూర్చుంది. పుల్లగా ఏదైనా వండమంది. ఆ తరువాత మూడేళ్లు బతికింది.

ఆమె పోయాక మామ పెట్టెలోంచి ఒక కాగితం తీసి మా ఇంటికి వచ్చాడు. నేను తాలూకాఫీసులో గుమాస్తాను. మా వీధిలో ఇంగ్లీషు కాగితం ఎవరికొచ్చినా నా గుమ్మం తొక్కాల్సిందే.

"ఏముండాది జనార్దనప్పా, ఇందులో?"

"మీరిద్దరూ ఆ దేశంలో శాశ్వత నివాసులంట మామా. జూన్ ఆఖరు లోపల పోయి దిగాల. లేకుంటే మళ్లా రానీరంట."

"శాశ్వతమని రాసి గడువు గూడా రాసినారా?"

"రాసినారు."

"మా అత్తగారింట్లో మర్యాద మాదిరే ఉండాదే ఇది," అని మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాళ్లు ఇక్కడికి వచ్చాక సకీనాకు కొడుకు పుట్టాడు. వాడు బోర్లాపడ్డదీ, నడిచిందీ, పరుగెత్తిందీ అన్నీ సముద్రం అవతలే జరిగిపోయాయి. మైమూనత్త ఇక్కడ కూర్చుని మనవడికి చొక్కాలు కుట్టింది. ఎవరూ తొడుక్కోకుండానే ఆ చొక్కాలు పెట్టెలో ఒకటొకటిగా పొట్టివైపోతున్నాయి. పర్మిట్టు గడువు దాటితే, ఆ పిల్లవాడు ఫోటోలోనే పెద్దవాడవుతాడు. ఆ సంగతి అందరికంటే బాగా మామకే తెలుసు. అందుకే మరునాడే మాఫ్‌లు అడగడం మొదలుపెట్టాడు.

మొదట సోడాల ఖాదర్.

"ఖాదర్, నీ సోడా తాగితే దప్పి తీరదు, కొత్త దప్పి పుడతాది అని అన్నా. మాఫ్ చెయ్."

"ఎవరితో అన్నావ్?"

"బస్టాండులో."

"బస్టాండులో ఎవరితో?"

"బస్సు కోసరం నిలబడినోళ్లతో. అందరితో."

ఖాదర్ ఆ మాట మింగడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా మామ ప్రొద్దుటూరు పోయి దర్జీ మక్బూల్‌ను పట్టుకున్నాడు. మక్బూల్ కుట్టిన కోటు కోటులా లేదు, గుడారంలా ఉందని ఒకప్పుడు అన్నాడట.

"అంటే అంటివి. పోనీలే సాయిబూ," అన్నాడు మక్బూల్.

"అది కాదప్పా, ఆ కోటు తొడుక్కున్న పెండ్లికొడుకుతోనే అంటి."

"అందుకా వాడు డబ్బులియ్యకుండా కోటు నా మొఖాన కొట్టిపోయింది?"

మామ ఆ రాత్రికి రాలేదు. మక్బూల్ కోపం తగ్గేదాకా అంగట్లోనే కూర్చుని గుండీలు కుట్టిపెట్టాడని తరువాత తెలిసింది.

పులివెందుల సంగతి వేరు. ఒకసారి బస్సులో ఒక చెనక్కాయల వ్యాపారి కాలు తొక్కాడట. పేరు తెలియదు. పులివెందులలో ఎవరిని చూసినా చెనక్కాయల వ్యాపారే. మామ ఒక్కొక్క మండీకీ పోయి, "నేను తొక్కింది మీ కాలేనా?" అని అడిగాడు. కానివాళ్లు కూడా జాలిపడి మాఫ్ చేసి అన్నం పెట్టారు. చివరికి ఆ మనిషి దొరికాడు. ఆయనకు గుర్తు లేదు.

"నా కాలు ఎవరూ తొక్కలేదప్పా."

"తొక్కినా. ఎడమ కాలు."

"నా కాలు సంగతి నాకు తెలీదా?"

"తెలిసుంటే గుర్తుండాల కదా."

"అంటే నేను అబద్ధం చెప్తాండానా?"

ఇప్పుడు దీనికి వేరే మాఫ్ అడగాల్సి వచ్చింది. ఆయన కోపం దిగి, కలిసి భోజనం చేసి, మామ ఇల్లు చేరేసరికి మద్రాసులో ఓడ వెళ్లిపోయింది. సముద్రం లేని పులివెందులలో ఓడ పోగొట్టుకున్న మనిషి ఆయనొక్కడే.

గడువు లోపల చేరే ఓడ ఇక ఒక్కటే మిగిలింది. మైమూనత్త పెట్టెకు తాడు కట్టింది. "చూడు జనార్దనం," అంది నాతో, మామకు వినబడేటట్టు. "ఈ తూరి నేనొక్కదాన్నే పోతా. మీ మామను ఊర్లో అందరి కాళ్లూ ఒక చుట్టు తొక్కి రమ్మను."

ప్రయాణం రోజున ఎర్రగుంట్ల బస్సు మీద పెట్టె ఎక్కింది. అత్త ఎక్కింది. వాళ్లను రైలెక్కించి వద్దామని నేనూ ఎక్కాను. మామ లేడు.

నేను దిగి వెతికితే శ్రీపతిగారి వీధిలో కనిపించాడు. ఆ వీధి సంగతి కొంత చెప్పాలి. శ్రీపతిగారు పురోహితులు. పక్కిల్లు బాలసుబ్బయ్యగారిది, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన అయ్యవారు. రెండు గుమ్మాల మధ్య ఒక పొడవైన నాపబండ ఉండేది. ఏళ్ల తరబడి సాయంత్రాలన్నీ ఆ బండ మీద కూర్చున్న ఇద్దరి మాటల్లోనే పొద్దు గుంకేది. మద్రాసు నుంచి విడిపోయి కర్నూలు రాజధాని అయిన ఏడాది, కడప కావాల్సిందని అయ్యవారు, కర్నూలే సరైందని కర్నూలు అల్లుడైన శ్రీపతిగారు వారమంతా వాదించుకున్నారు. కొత్త రాష్ట్రం వచ్చిందని ఊళ్లో ఊరేగింపు జరిగింది. తెల్లారి చూస్తే బండ రెండు ముక్కలు. ఓడిపోయిన కడుపుమంటతో అయ్యవారే పగలగొట్టారని శ్రీపతిగారు, గెలిచిన కొవ్వుతో పురోహితుడే పగలగొట్టాడని అయ్యవారు నమ్మారు. ఆరోజు నుంచీ మాటల్లేవు. ఆ ముక్కల మధ్య వానకాలం గడ్డి మొలిచేది, ఎండకు అడిగేవాళ్లు లేక ఎండిపోయేది.

మామ ఆ గడ్డిలో నిలబడి పిలుస్తున్నాడు. "సామీ, అయ్యవారూ, ఇద్దరూ బయటికి రాండి. నేను పోతాండా."

"మాఫ్ చేసినాంలే, పో," అన్నారు శ్రీపతిగారు లోపలి నుంచి. అప్పటికి ఊరంతా ఆయన నోరు తెరవకముందే క్షమించడం నేర్చుకుంది.

"చెప్పకముందే చేస్తే చెల్లదు సామీ. ఈ బండ పగలగొట్టింది నేను."

రెండు తలుపులూ తెరుచుకున్నాయి.

"ఊరేగింపు కనపడలేదని ఎక్కినా. ఎక్కి ఎగిరినా గూడ. రెండయింది. భయమేసి చెప్పలా."

"నీ బరువుకా?" అన్నారు అయ్యవారు.

"అప్పుడు ఇంకా లావుంటి."

దూరంగా బస్సు హారను మోగింది. శ్రీపతిగారు అందుకున్నారు. "నీ మూలాన ఇన్నేండ్లు ఈయన మొఖం చూడకపోతినే."

"నా కొడుకు పెండ్లికి ఈయన్ని పిలవకుండా ప్రొద్దుటూరు నుంచి పురోహితుణ్ణి తెచ్చుకుంటినే," అన్నారు బాలసుబ్బయ్యగారు.

"ఆ మంత్రాలు నేను గోడవతల నుంచి వింటి. సగం తప్పులే."

"తప్పులని నాకూ అనుమానమే. ఎవరినడిగేది?"

"నన్నడగాల."

"నువ్వు తలుపేసుకుంటివే."

మామ మధ్యలో నిలబడి ఇటూ అటూ తల తిప్పుతున్నాడు. "మాఫ్ చేసినామని చెప్పండి సామీ. బస్సు పోతాది."

"ఉండప్పా, మాట్లాడుకుంటాండాం కదా," అన్నారు ఇద్దరూ.

"ఇద్దరూ ఒకేతూరి చెప్పాల. అట్లయితేనే కదుల్తా."

వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. గొంతులు సవరించుకుని, పాఠం అప్పజెప్పే పిల్లల్లా కలిసి చెప్పారు. నేను మామ చెయ్యి పట్టుకుని పరుగెత్తాను.

బస్సు ఇంకా ఉంది. మైమూనత్త డ్రైవరు కమాల్ బాషా పక్కన నిలబడి, బండి కదిలిస్తే ఈ జన్మలో మాఫ్ చేయనని చెప్పిందట. ఆ ఇంట్లో ఆ మాటకున్న బరువు ఆయనకు తెలుసు.

పెన్నలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ పారుతున్న రోజులు. బస్సు నది దాటుతుండగా నాకు లెక్క తట్టింది.

"మామా, ఆ ఊరేగింపు జరిగింది కర్నూలు రాజధాని అయినప్పుడు."

"ఊ."

"అప్పుడు నువ్వు పినాంగులో ఉంటివి."

"మెల్లిగా అనప్పా. బస్సులో తెలిసినోళ్లుంటారు."

"మరి ఎందుకట్ల చెప్తివి?"

మామ కిటికీలోంచి ఇసుకను చూస్తూ అన్నాడు. "ఎవురో ఒకరు మాఫ్ అడగాల కదా. ఈడుండేటోడు అడిగితే పొద్దున లేచి మళ్లా ఆ వీధిలోనే తిరగాల. నేను పోయేటోణ్ణి. వాళ్లకెంత కోపమొచ్చినా సముద్రం దాటి రాదు."

"పినాంగు నుంచి వచ్చేటప్పుడు ఆడ గూడా ఇదే చేసినాడు," అంది అత్త. "యాడ గొడవుంటే ఆడికి పోయి నేనే చేసినా అన్నాడు. ఇప్పుడు పోయి దిగితే, రేవులో ఎంతమంది కాచుకోనుండారో."

"అందర్నీ మాఫ్ అడుగుతాలే," అన్నాడు మామ. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం పండగనాటి మొహంలా ఉంది.

కొన్నాళ్లకు సకీనా కార్డు రాసింది. గడువుకు ముందురోజు దిగారట. ఇన్నాళ్లూ రానందుకు మాఫ్ చేయమని నాన్న రేవులో ఆఫీసరును అడగడంతో, ముద్ర వేయబోయిన ఆయన ముద్ర కింద పెట్టి, ఎందుకు రాలేదో మొదటి నుంచీ చెప్పమన్నాడట. మనవడు తాత భుజమెక్కి నిద్రపోయేదాకా ఆ విచారణ సాగింది.

కార్డు చదివి వినిపిద్దామని శ్రీపతిగారి వీధికి పోయాను. బండ ముక్కలు రెండింటినీ కింద రాళ్లు పెట్టి అమర్చుకుని, ఒకదాని మీద ఆయన, ఒకదాని మీద అయ్యవారు ఎదురెదురుగా కూర్చున్నారు. చదవడం అయ్యాక మనసు ఆగలేదు.

"మీకొక సంగతి చెప్పాల. ఆ ఊరేగింపు నాటికి హుమాయున్ మామ..."

"పినాంగులో ఉండాడు," అన్నారు బాలసుబ్బయ్యగారు. "లెక్కలు చెప్పినోణ్ణి జనార్దనం. తీసివేతలు రావనుకుంటివా?"

"మరి ఆయన మూలానే అని తిడితిరే?"

"తిట్టి మాఫ్ చేయకుంటే ఆయప్ప కదలడు," అన్నారు శ్రీపతిగారు. "కదలకుంటే ఓడ పోతాది. పాపం ఆయమ్మ మనవణ్ణి చూడాల. ఇద్దరూ ఒకేతూరి చెప్పమనె. ఏం చేస్తాం, కలిస్తిమి."

"అయితే బండ పగలగొట్టింది ఎవరు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"హుమాయునే," అన్నారు.