వేడెక్కని పెట్టె

నిన్న రిపేరు షాపులో కుర్రాడు నా ల్యాప్‌టాప్ అడుగు విప్పి బ్లోయర్ పెట్టగానే వెచ్చటి దుమ్ము వాసన, దారప్పోగు మాడినట్టుండేది, గుప్పున లేచింది. అతను ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని క్షమించమన్నాడు. నేను ముందుకు వంగి పీల్చాను. నా గురించి ఏమనుకున్నాడో అడగలేదు.

కలకత్తా రేవు పక్క మెటియాబ్రుజ్‌లో మేమున్న ఇంటి కింద దర్జీల కార్ఖానా. పండగల ముందు కుట్టుమిషన్ల అదురుకి మా మంచం దానంతటదే గోడవైపు జరిగేది. రంగురంగుల బట్టల నూగు మెట్లెక్కి వచ్చి అమ్మ ఎండబెట్టిన ఉప్పుచేపల మీద, దేవుడి పటాల మీద, మా కనురెప్పల మీద వాలేది. వానాకాలం నదివైపు నుంచి బురదా తారూ తడిసిన గోనె వాసనా, దాని మీద ఆవనూనెలో వేగే చేప వాసనా కలిసి వచ్చేవి. పుట్టి పెరిగిన గాలి అదే కాబట్టి, దాన్ని కంపు అంటారని కాలేజీకి వెళ్లాక గానీ నాకు తెలియలేదు.

నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, రేవులో వించ్ నడిపి ఓడల కడుపుల్లోంచి మూటలు పైకి తీసిన మనిషి. సరుకంతా ఇనపపెట్టెల్లో రావడం మొదలై పెద్ద క్రేన్లు దిగాక, నాన్నలాంటివాళ్లని గడువుకి ముందే ఇంటికి పంపేశారు. దండ వేసి, గొడుగిచ్చి పంపారు. ఎర్రజెండా కింద యూనియన్ నాయకుడు చాలా బాగా మాట్లాడాడట. గొడుగు మొదటి వానకే తిరగబడింది. ఆ తర్వాత కూడా నాన్న తెల్లారే లేచి, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని తయారయ్యేవాడు. తయారవడం వరకూ ఏ లోటూ లేదు.

మా అన్నయ్య సింహాచలం, గల్లీలో బెంగాలీ అన్న వరసన అందరికీ సిమ్మా దా, ఎవరో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత కంప్యూటర్ని రిక్షాలో పెట్టుకొచ్చింది అప్పుడే. దర్జీలకి లేబుళ్లు కొట్టిచ్చి బతుకుదామని వాడి ఆలోచన. బటన్ నొక్కాక అది లేచేసరికి అన్నం ఉడికేది. ఉడికేలోగా కరెంటు పోయేది. వచ్చాక మళ్లీ మొదలు.

దాన్ని చూసి సంతోషించింది నాన్నొక్కడే. చలికాలం పొద్దున్న వించ్‌ని ఖాళీగా తిప్పి, ఒంటి మీద చెయ్యేసి వేడి చూసి గానీ మూట తగిలించనివ్వని మనిషికి, తాపీగా లేచే మెషీను మర్యాద తెలిసినదానిలా కనిపించింది. బటన్ నొక్కి, స్టూలు వేసుకుని, పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. కింద నుంచి దర్జీ మాస్టరు “కాకా, ఉఠేఛే?” అని, అంటే లేచిందా బాబాయ్ అని, కేకేసేవాడు.

“ఉండరా బాబూ. సల్లటింజిను మీద బరువెడితే ఇరుగుతాది,” అనేవాడు నాన్న. మాస్టరుకి తెలుగు రాదు. అయినా ఆగేవాడు. చివరికి “రండర్రా, ఏడెక్కింది” అని నాన్న అన్నాకే అన్నయ్య కీబోర్డు ముట్టుకోవాలి.

మాస్టరు ఆగినా మిగతా దర్జీలు ఎన్నాళ్లు ఆగుతారు? పక్క గల్లీలో ఇంకెవడో కొత్త మెషీను పెట్టాడు. దాంతో అన్నయ్య ఓ ఆదివారం మూత విప్పాడు. లోపల ఫ్యాను చుట్టూ గులాబీ, పచ్చ, జరీ, ఊరందరి పండగ బట్టల నూగు, దిండుకి సరిపోయేంత. దులిపాడు. చాందినీ మార్కెట్లో కొన్న మెమరీ ముక్క గుచ్చాడు. మెషీను లేవగానే పిలవని చుట్టాల్లా వెంట లేచే ప్రోగ్రాములన్నీ ఆపేశాడు. మర్నాడు నాన్న బటన్ నొక్కి స్టూలు లాక్కునేలోగా తెర వెలిగిపోయింది.

“అయిపోయిందేటి?”

“అయిపోయింది నాన్నా.”

“మరి నానేటి సెయ్యాల?”

“నీకు రెండోపాలి రిటైర్మెంటు ఇచ్చీసినారు,” అంది అమ్మ వంటింట్లోంచి. “ఈపాలి గొడుగైనా మంచిది అడుగు.”

అందరం నవ్వాం. నాన్న కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఆ తర్వాత నాన్న తయారవడం మానేశాడు. మాసిన లుంగీతో గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నయ్యకి పని పెరిగింది; అన్నం దగ్గర మాత్రం తలెత్తేవాడు కాదు.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మావాళ్లెవరూ మెషీను తిప్పరు. క్రేన్ల నుంచి రిక్షాల దాకా దండలు, ఇంట్లో కిచిడీ, ఆకాశం నిండా గాలిపటాలు, మాంజా కోసిన వేళ్లు. నాన్న ఎన్నాళ్లకో స్నానం చేసి, కంప్యూటరుకి మందారదండ వేసి బొట్టు పెట్టాడు. సాయంత్రం అందరూ డాబా మీదుండగా నేను మంచినీళ్లకి దిగితే, అన్నయ్య పూజనాడు తిప్పకూడని మెషీను తిప్పి, ఆపేసిన ప్రోగ్రాములన్నీ తిరిగి పెట్టి, మెమరీ ముక్క పీకేస్తున్నాడు.

“నోరు ముయ్యే గుంటా,” అన్నాడు. నేనింకా తెరవలేదు.

మర్నాడు పొద్దున్నే, “నాన్నా, ఇది మళ్లీ మొండికేస్తంది. నువ్వొచ్చి సూడు,” అన్నాడు. నాన్న బొట్టు పెట్టుకుని మరీ వచ్చాడు. బటన్ నొక్కాడు. స్టూలు వేసుకున్నాడు. అరచెయ్యి ఆనించాడు. “కాకా, ఉఠేఛే?” అని కింద నుంచి కేక. అమ్మ అట్లకాడతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

చాలాసేపటికి నాన్న చెయ్యి తీసి అరచేతిలోకి చూసుకున్నాడు.

“సల్లగున్నాది రా.”

“లెగుస్తాది నాన్నా, కొంచెం ఆగితే...”

“ఇది ఏడెక్కడానికి ఆగట్లేదు. నాకోసం ఆగతంది.”

వేడి పుట్టించే నూగు పోయాక ఫ్యాను లోపల హాయిగా తిరుగుతోంది. నూగు కూడా తిరిగి పెట్టాలని అన్నయ్యకి తోచలేదు.

“నాకోసం ఎట్టిందంతా తీసీ. పని సెడగొట్టుకోకు,” అని, నాన్న స్టూలు తీసుకెళ్లి వంటింట్లో పెట్టాడు. ఆ తర్వాత అమ్మ దాని మీదే కూర్చుని కూరలు తరిగేది.

నాన్న రోజూ నదిగట్టుకి వెళ్లి ఫెర్రీ పడవలు చూస్తూ కూర్చునేవాడు. అవి కదిలే ముందు కాసేపు ఇంజిను తిప్పుకుంటాయని అమ్మతో చెప్పేవాడట. ఓ చలికాలం అక్కడి నుంచే మోసుకొచ్చారు.

కంప్యూటర్ని తర్వాత తూకానికి వేశాం. ఆ ఇల్లు మారిపోయాం, మాస్టరు ఏమయ్యాడో తెలియదు, నేనిప్పుడుండే చోట గాలిలో నూగు లేదు, దేనికోసమైనా కలిసి కూర్చుని ఎదురుచూసేంత ఆలస్యమూ లేదు. షాపు కుర్రాడు ల్యాప్‌టాప్ బిగించి తెరిచాడు. నేను కళ్లజోడు పెట్టుకునేలోగా లేచి కూర్చుంది.

“చూడండి దీదీ, ఎంత తొందరగా లేస్తోందో,” అన్నాడు బెంగాలీలో.

బాగుందన్నాను. అతను అటు తిరిగినప్పుడు దాని మీద అరచెయ్యి ఆనించి చూశాను. చల్లగా ఉంది.