మేస్త్రి మావయ్య కొవ్వొత్తులు

గుడివాడ మేస్త్రి మావయ్య పోయారు. ఈ కబురు నాకు చెప్పింది గుడివాడ బస్సు కండక్టరు. బందరు బస్టాండు ముందు నా మూడు చక్రాల బండిని చూసి, బస్సు మెట్టు మీదినుంచే, "మీ మేస్త్రిగారు రాత్రి పోయారండి, గుండె ఆగిపోయిందట. పదకొండింటికి మట్టి చేస్తారు" అన్నాడు. అప్పటికి పదిన్నరయింది. గుడివాడ పాతిక మైళ్ళకి కాస్త తక్కువ. నా బండి గంటకి పదిహేను మైళ్ళకి మించి వెళ్ళదు, వెళ్ళకుండా బిగించింది కూడా ఆయనే. కాబట్టి ఆ కార్యక్రమానికి నేను ఆలస్యంగా వెళ్ళిన తప్పు పూర్తిగా పోయినవారిదేనని పాఠకులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఆయన మా అమ్మకి అన్నా కారు, తమ్ముడూ కారు. వాళ్ళు ఆదివారం చర్చికి వెళ్తారు, మేము శనివారం గుడికి వెళ్తాం. మధ్యలో ఎక్కడా చుట్టరికానికి దారి లేదు. ఆ దారి ఎలా పడిందో చెప్పాలంటే ముందు నేను తాడిచెట్టు ఎక్కాలి.

బి.ఏ. ఆఖరి పరీక్ష రాసి, దివిసీమలో మోపిదేవి పక్కనున్న మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళి, ముంజల కోసం ఎక్కాను. ఎక్కడానికి పావుగంట పట్టింది. దిగడంలో నేను చూపించిన వేగం ఆ ఊళ్ళో కల్లుగీత వాళ్ళు కూడా ఇంతవరకూ చూపించలేదు. వెన్నుపూస విరిగింది. నడుము కింది శరీరం నాదే, కాని నాతో మాట మానేసింది. పరీక్ష పాసయ్యానని తెలిసేసరికి నేను మంచం మీద ఉన్నాను. ఇంటికొచ్చిన వాళ్ళందరూ పట్టాని చూసి సంతోషించి, వెంటనే నన్ను చూసి ఆ సంతోషాన్ని సర్దుకునేవారు.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను సామాను. ఇద్దరు ఖాళీగా దొరికితే అరుగు మీదికి మోసేవారు, లేకపోతే దూలం చూస్తూ పడుకునేవాణ్ణి. దూలానికి పదకొండు మేకులుండేవి. నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. ఎవర్నీ పిలవకుండా మా వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడ ఏమీ లేదని చూసి, ఎవర్నీ పిలవకుండా తిరిగి రావాలి.

నాన్నగారు నన్ను రైల్లో గుడివాడ తీసుకెళ్ళింది తోపుడు బండి చేయిద్దామని. రైలు గేటు పక్కన రేకుల షెడ్డులో మేస్త్రిగారు పాత మోటారు సైకిళ్ళు బాగుచేసేవారు. వచ్చిన వాళ్ళందరూ ముందు నా కాళ్ళు చూస్తారు. ఆయన చేతులు చూశారు. ఒక స్పానరు ఇచ్చి, తుప్పుపట్టిన నట్టు ఒకటి ముందు పెట్టి విప్పమన్నారు. విప్పాను. అప్పుడు నాన్నగారితో, "బి.ఏ. గారికి తోపుడు బండి ఎందుకండీ? తొయ్యడానికి మళ్ళీ ఒకడు కావాలిగా" అన్నారు. అప్పటినుంచి ఆయన నోట నేను బి.ఏ. గారినే. ఆ డిగ్రీని అంత శ్రద్ధగా వాడుకున్నవారు నాతో సహా ఇంకెవరూ లేరు.

యుద్ధం అయ్యాక వేలంలో వచ్చిన మిలటరీ మోటారు సైకిలొకటి ఆయన దగ్గర మూల పడి ఉంది. దాని వెనక చక్రం తీసి ఇరుసు వేసి రెండు చక్రాలు పెట్టారు. కాలి బ్రేకునీ కాలి గేరునీ ఇనప కడ్డీలతో చేతి దగ్గరికి తెచ్చారు. కాలితో తన్ని స్టార్టు చేసేచోట బోరింగు పంపుకున్నట్టు పొడుగాటి పిడి అతికారు. చెయిను ఒక్క చక్రానికే. ఎందుకని అడిగితే, "రెండూ లాగితే మలుపులో కొట్టుకుంటాయండీ. ఒకళ్ళు లాగాలి, ఒకళ్ళు ఊరుకోవాలి" అన్నారు. లోపల్నుంచి ఆయన భార్య, "ఈ ఇంట్లో ఊరుకునే చక్రం ఎవరో కూడా చెప్పండి" అన్నారు.

పని మొదలుపెట్టే ముందు ఆయన తుండుగుడ్డలతో తన రెండు కాళ్ళూ కట్టేసుకుని మూడు రోజులు ఆ బండి మీదే కూర్చున్నారు. ఎక్కడం, దిగడం, పడిపోవడం అన్నీ చేసి చూశారు. భోజనం కూడా అక్కడే. బండికి వెనక్కి నడవడం రాదు. అందువల్ల నేను షెడ్డులోకి వస్తే బయటికి ఎవరో ఒకరు లాగాలి. అది గమనించి ఆయన మర్నాడు షెడ్డు వెనక రేకులు కోసి రెండో తలుపు పెట్టేశారు. ముందు తలుపులోంచి వచ్చి, పని చూసుకుని, వెనక తలుపులోంచి వెళ్ళిపోవచ్చు. బండికి వెనక్కి వెళ్ళడం నేర్పేకన్నా గోడకి దారివ్వడం నేర్పడం సులువని ఆయన వాదన.

బండి ఇంటికి వచ్చిన రోజు మా వీధి చివరికి వెళ్ళాను. అక్కడ నిజంగానే ఏమీ లేదు. చాలా బాగుంది. రెండో రోజు చిలకలపూడి దాటి సముద్రం వాసన తగిలేదాకా వెళ్ళి, ఇంజను ఆపి, వెనక్కి తిరిగి చూశాను. నన్ను మోస్తున్నవాళ్ళు ఎవరూ లేరు.

వారం తిరక్కుండా బండి చూపించడానికి గుడివాడ వెళ్ళాను. షెడ్డులో కబుర్లు చెబుతుంటే ఏదో మాడిన వాసన వచ్చింది. లోపల మేస్త్రిగారి భార్య చేస్తున్న కూర మాడుతోందని నేను జోకు వేశాను. మాడుతున్నది నా కుడి పిక్క. పంచె కాలి, సైలెన్సరు గొట్టానికి కాలు అంటుకుని ఉంది. నాకు తెలియలేదు. అందరూ పరిగెత్తుతుంటే నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

రెండు నెలలు కట్టు. ఆ పుండు చూసి డాక్టరుగారు కాలు ఉంటుందో ఉండదో అన్నట్టు మాట్లాడారు. మేస్త్రిగారు బండిని షెడ్డులో పెట్టి తాళం వేసి, విప్పేస్తానని కబురు పంపారు. నేను మళ్ళీ సామానునై, ఇద్దరి భుజాల మీద రైలెక్కి వెళ్ళాను. ఆయన నా మొహం చూడలేదు.

"కాళ్ళు కట్టుకున్నానే గాని, నా కాలికి అన్నీ తెలుసండీ. వేడి తగలగానే నాతో చెప్పకుండా అదే పక్కకి జరిగింది. మూడు రోజులూ నన్ను మోసం చేసింది" అన్నారు.

నేను దారిపొడుగునా ఒక గొప్ప ఉపన్యాసం తయారు చేసుకున్నాను. అది గుర్తు రాలేదు. "మావయ్యా, ఆ బండి విప్పితే నేను మళ్ళీ దూలం మేకులు లెక్కపెట్టుకోవాలి" అన్నాను. అంతకుముందు ఆయన్ని మావయ్యా అని పిలవలేదు. ఎలా వచ్చిందో ఆ మాట వచ్చింది. ఆ బండి లాగే, అది మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు.

ఆయన ఇంట్లోకి వెళ్ళి, క్రిస్మస్ ఆరాధనలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు గుడ్డలో మూటగట్టి తెచ్చారు. నా పిక్క, మడమ, తొడ ఎక్కడెక్కడ ఆనుతాయో అక్కడల్లా ఒక్కొక్క ముక్క నిలబెట్టి సన్నతీగతో కట్టారు. మర్నాడు ఎండ రాకముందే గుడ్లవల్లేరుదాకా నడిపి తెచ్చారు. మూడు కరిగిపోయాయి, ఒకటి వంగింది. గొట్టం ఎడమ పక్కకి తిప్పారు, రేకు అడ్డం పెట్టారు, రేకుకీ గొట్టానికీ మధ్య గాలి ఆడేలా జాగా ఇచ్చారు, మళ్ళీ కొవ్వొత్తులు కట్టారు. అలా ఎన్ని పొద్దులు వెళ్ళొచ్చారో నాకు తెలియదు. అన్నీ నిటారుగా తిరిగొచ్చిన రోజున తాళంచెవి నా చేతిలో పెట్టి, "కాలికి తెలియదు, కొవ్వొత్తికి తెలుస్తుంది. ఆగినప్పుడల్లా చూసుకోండి" అన్నారు. ఎడమ పిక్క పక్కన ఒక కొవ్వొత్తి మాత్రం తియ్యలేదు.

తర్వాత అవనిగడ్డ వైపు గీత కార్మికుడొకడికి ఇలాంటిదే చేశారు. అతను షెడ్డులో నా కథ విని, "చెట్టు మీదనుంచి పడ్డానికి మీకు బి.ఏ. దాకా చదవాల్సొచ్చిందా?" అన్నాడు. మావయ్య అంతగా నవ్వడం నేను అదే చూడడం. అతని బండికీ కొవ్వొత్తి కట్టారు. నేను ఎప్పుడు వెళ్ళినా ఆయన కుశల ప్రశ్నలు వేసేవారు కాదు. స్పానరు కింద పెట్టకుండానే, "కాలు చూసుకున్నారా?" అనేవారు. నాకు విసుగొచ్చేది. ఒకసారి, కాలు కులాసాగా ఉంది, మీకు నమస్కారాలు చెప్పమంది, అన్నాను. "అదలా చెప్పదండీ, మీరే చూడాలి" అన్నారు.

మొన్న ఆ కబురు విన్నాక నేను ఎక్కడా ఆగలేదు. పెడన ఎప్పుడు దాటానో తెలియదు, గుడ్లవల్లేరు తెలియదు. గుడివాడ చేరేసరికి పన్నెండు దాటింది. జనం సమాధుల దొడ్డి నుంచి తిరిగి వస్తున్నారు. అక్కడికి పొలం గట్టు మీద ఒక మనిషి నడిచే దారి ఒకటే ఉంది, మూడు చక్రాలు పట్టవు. మోసుకెళ్తామని ఇద్దరు ముందుకొచ్చారు. వద్దన్నాను. ఆయన నన్ను అలా చూడకుండా ఉండడానికే కదా ఇంత చేసింది. రోడ్డు మీదినుంచే కొత్త మట్టి చూశాను.

షెడ్డుకి వెళ్తే రెండు తలుపులూ బార్లా తీసి ఉన్నాయి. "నువ్వు వస్తావని వెయ్యనివ్వలేదు నాయనా" అన్నారు అత్తయ్యగారు. ఇంజను చప్పుడు ఆగాక ఆ షెడ్డులో నాకు వినపడవలసిన మాట ఒకటుంది. దానికోసం సిగ్గులేకుండా కాసేపు ఎదురుచూశాను. చివరికి ఆవిడే కళ్ళు తుడుచుకుని, "కాలు చూసుకున్నావా?" అన్నారు.

చూశాను. కొవ్వొత్తి మెడ వంచి రేకు మీద వాలిపోయి ఉంది. ఆపకుండా నడపడంతో రేకు సెగలు కక్కుతోంది. దానికి నా పిక్క బెత్తెడు దూరంలో ఉంది, పంచె అంచు అప్పటికే గోధుమరంగుకి తిరిగింది. చేత్తో కాలెత్తి అవతల పెట్టుకున్నాను.

బండి చల్లారేదాకా అక్కడే కూర్చున్నాం. ఆవిడ అలమారలోంచి ఒక కొవ్వొత్తి తెచ్చి, వంగినది తీసేసి, అదే తీగతో కట్టారు. తీగ మెలి పెట్టడం ఆవిడకి బాగానే తెలుసు. నేను పిడి లాగి స్టార్టు చేసి, ఎప్పటిలాగే వెనక తలుపులోంచి బయటికి వచ్చాను. బందరు చేరేదాకా అయిదు చోట్ల ఆగాను. ఆగినప్పుడల్లా ఎడమ పక్కకి వంగి చూశాను. వెలిగించని తెల్లటి కొవ్వొత్తి, నాకు తెలియని నా కాలి పక్కన నిటారుగా నిలబడి ఉంది.